కోడు ఫిర్యాదు మాత్రమే.. తీర్పు కాదు!

జహీరాబాద్ నుంచి బీదర్ వెళ్లే దారిలో తరచూ కనిపించే దృశ్యమే ఇది. రోడ్డు పక్కన ఓ డీజిల్ కారు ఆగి ఉంటుంది. లోపల పెళ్లికి బయల్దేరిన కుటుంబమో, హైదరాబాద్ ఆస్పత్రిలో చూపించుకుని తిరిగొస్తున్న పెద్దాయనో ఉంటారు. డ్రైవరు బానెట్ ఎత్తి, ఫోను చెవికి పెట్టుకుని ఎవరికో చెబుతుంటాడు. "ఎంత తొక్కినా బండి గుంజుతలేదన్నా. పసుపు లైటు పడ్డది. నలభై మీద పోతలేదు."

ఇంజన్ ఆగిపోలేదు. పొగ లేదు. చప్పుడు లేదు. అయినా బండిలో పికప్ లేదు. నెమ్మదిగా నెట్టుకుంటూ ఎలాగో బీదర్ చేరతారు. షెడ్డులో ఉస్తాద్ స్టీరింగ్ కింద ప్లగ్గులో స్కానర్ తగిలిస్తాడు. తెరపై ఒక అక్షరం, నాలుగు అంకెలు వస్తాయి. కింద 'టార్కు' అన్న మాట కనిపిస్తుంది. "కంప్యూటరే పోయినట్టుంది భాయ్" అంటాడు ఒకరు. "కాదు, టర్బో" అంటాడు ఇంకొకరు. ఏదో ఒక సెన్సార్ మారుస్తారు. కోడు చెరిపేస్తారు. లైటు ఆరిపోతుంది. డబ్బులు కట్టి డ్రైవరు వెళ్లిపోతాడు.

మూడో రోజు మళ్లీ అదే లైటు. ఈసారి హైదరాబాద్. అక్కడ ఇంకో లెక్క, ఇంకో పార్టు, ఇంకో బిల్లు. అన్నీ అయ్యాక ఎవరో ఓపిక ఉన్న మెకానిక్ చెయ్యి పెట్టి తడిమితే, టర్బో నుంచి వచ్చే రబ్బరు పైపు అడుగున చీలిక దొరుకుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు! అప్పటికే డ్రైవరు జేబు ఖాళీ. మార్చిన పార్టులు వెనక్కి తీసుకునేవారు లేరు. పోయిన వారం రోజుల కిరాయి తిరిగి ఇచ్చేవారూ లేరు.

ఇందులో తప్పెవరిది? మెకానిక్‌దా? కారు కంపెనీదా? తొందరపడిన డ్రైవరుదా? ముగ్గురిలోనూ కొంత ఉంది. కానీ అసలు తప్పు ఒక అపోహది. స్కానర్ రోగం చెబుతుందన్న అపోహ అది. స్కానర్ రోగం చెప్పదు. ఫిర్యాదు చదివి వినిపిస్తుంది, అంతే. ఫిర్యాదునే తీర్పుగా తీసుకుని పార్టులు మార్చే అలవాటు పోనంత కాలం సరిహద్దుకు ఇటూ అటూ వాహనదారుల జేబులకు చిల్లు పడుతూనే ఉంటుంది.

చిట్టాకు, గల్లాకు పొత్తు కుదరకపోతే..

టార్కు అంటే ఇంజన్ చక్రాలను తిప్పే బలం. డ్రైవర్లు 'గుంజుడు' అనేది దీన్నే. పాత అంబాసిడర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే తీగో, కడ్డీయో కదిలి నేరుగా ఇంజన్‌కు గాలి దారి తెరిచేది. ఇప్పటి కార్లలో ఆ తీగ లేదు. పెడల్ దగ్గర రెండు సెన్సార్లు ఉంటాయి. ఎంత తొక్కారన్నది అవి కరెంటు సంకేతంగా కంప్యూటర్‌కు చెబుతాయి. చాలా కార్లలో ఒక సెన్సార్ ఓల్టేజీ రెండోదానికి సగం ఉంటుంది. ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టించేలా ఆ ఏర్పాటు.

పెడల్‌ను బట్టి 'డ్రైవరు ఇంత బలం అడిగాడు' అని కంప్యూటర్ ఒక లెక్క వేస్తుంది. లోపలికి ఎంత గాలి వెళ్లింది, ఎంత ఇంధనం చల్లారు, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, పెట్రోలు బండైతే స్పార్కు ఎప్పుడు పడింది అన్నవి చూసి 'ఇంత బలం ఇచ్చాను' అని రెండో లెక్క వేస్తుంది. ఈ రెండు లెక్కలనూ ఇంజన్ తిరుగుతున్నంతసేపూ సరిచూస్తూనే ఉంటుంది.

గాంధీగంజ్‌లో అడతి దుకాణం నడిపేవారికి ఇది చెప్పాల్సిన పనిలేదు. సాయంత్రం చిట్టాలో రాసింది, గల్లా పెట్టెలో ఉన్నది పోల్చి చూస్తారు. పొత్తు కుదరకపోతే ఎక్కడో తేడా ఉందని అర్థం. కానీ ఆ తేడా ఎవరి వల్ల వచ్చిందో చిట్టా చెప్పదు. గుమాస్తా తప్పు రాశాడా, తూకంలో తేడా వచ్చిందా, అప్పు ఇచ్చిన పద్దు మరిచారా అన్నది వెనక్కి వెళ్లి వెతకాల్సిందే. టార్కు కోడు సరిగ్గా ఇలాంటిదే. 'లెక్క కుదరలేదు' అని చెప్పడం వరకే దాని పని. లెక్క కుదరలేదని గుమాస్తానే పనిలోంచి తీసేయడం ఎంత అన్యాయమో, టార్కు కోడు చూడగానే కంప్యూటర్ మార్చమనడం అంతే తొందరపాటు.

లెక్క కుదరనప్పుడు కంప్యూటర్ ఎందుకు బలం తగ్గిస్తుంది? ప్రాణరక్షణ కోసమే. డ్రైవరు అడగకుండానే ఇంజన్ ఎక్కువ బలం ఇస్తే బండి దానంతటది ముందుకు దూకుతుంది. ఆ ప్రమాదం రాకుండా ఇంధనాన్నీ, గాలినీ కట్టడి చేసి, మెల్లగా ఇంటికి చేర్చే స్థితికి బండిని తెస్తుంది. దీన్నే 'లింప్ మోడ్' అంటారు. అంటే కుంటినడక. బండి మొండికేసిందని డ్రైవరు తిట్టుకుంటాడు గానీ, నిజానికి అది కాపలా కాస్తోంది.

ఒక్కో అంకెకు ఒక్కో అర్థం

కోడులోని అక్షరాలకు, అంకెలకు ఒక క్రమం ఉంది. మొదటి అక్షరం 'పీ' అయితే ఇంజన్, గేరు భాగాలకు చెందిన ఫిర్యాదు. 'సీ' అయితే బ్రేకులు, చక్రాల వైపు. 'బీ' అయితే బాడీ. 'యూ' అయితే కంప్యూటర్ల మధ్య మాటలు తెగిపోయాయని. ఆ తర్వాత అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. ఒకటి అయితే ఆ కంపెనీ సొంతంగా పెట్టుకున్న కోడు. దాని అర్థం కంపెనీ పుస్తకంలోనే చూడాలి.

పీ-061-ఏ అంటే కంప్యూటర్ లోపలి టార్కు పర్యవేక్షణలో తేడా వచ్చిందని. పీ-061-బీ అంటే టార్కు లెక్క కట్టడంలోనే తేడా అని. ఇవి అసలు సిసలు టార్కు కోడులు. కానీ 'బండి గుంజుతలేదు' అని వచ్చే కార్లలో ఎక్కువగా చూడాల్సినవి వేరే ఉంటాయి. పీ-0299 అంటే టర్బో ఇవ్వాల్సినంత ఒత్తిడి ఇవ్వడం లేదని. పీ-0087 అంటే డీజిల్ రైలులో ఒత్తిడి తక్కువని. పీ-0101 అంటే గాలిని కొలిచే సెన్సార్ లెక్క నమ్మేలా లేదని. పీ-2463 అంటే పొగ గొట్టంలోని మసి వడపోత నిండిపోయిందని.

చాలాసార్లు వీటిలో రెండు మూడు కలిసి వస్తాయి. అప్పుడు టార్కు కోడు చివరి ఫలితం మాత్రమే. కారణం పక్క కోడులో ఉంటుంది. అందుకే తెరపై కనిపించిన మొదటి కోడు చదివి ఆగిపోకూడదు. అన్ని కోడులూ, ఏది ముందు వచ్చిందీ, ఏది ఇప్పటికీ ఉందీ, ఏది పాతదీ అన్నీ కాగితంపై రాసుకోవాలి.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం కాలుష్యాన్ని అదుపు చేయడానికి 1991 మోడల్ కార్ల నుంచి ఇలాంటి సొంత తనిఖీ ఏర్పాటును తప్పనిసరి చేసింది. 1996 నుంచి అమెరికా అంతటా ఒకే రకం ప్లగ్గు, ఒకే రకం కోడులు వచ్చాయి. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001లో మొదలైంది. భారత్‌లో మొదటి దశ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు రావడంతో డీజిల్ కార్లలో మసి వడపోతలు, మరిన్ని సెన్సార్లు చేరాయి. సెన్సార్లు పెరిగిన కొద్దీ కోడులూ పెరిగాయి. షెడ్డుల్లో శిక్షణ మాత్రం ఆ వేగంతో పెరగలేదు.

చేతికి అందేది ముందు, ఖరీదైనది చివర

టార్కు కోడు వచ్చిన బండిని చూసే తీరుకు ఒక వరుస ఉంది. ఖర్చు లేనివి ముందు, తక్కువ ఖర్చువి తర్వాత, కంప్యూటర్ అన్నిటికంటే చివర. ఈ వరుస తిరగబడితే నష్టపోయేది వాహనదారుడే.

మొట్టమొదట కోడు చెరపకూడదు. కోడు పడిన క్షణంలో బండి ఎంత వేగంతో ఉంది, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, ఎంత లోడు మీద ఉంది అన్న వివరాలను కంప్యూటర్ ఒక ఫొటోలా దాచి ఉంచుతుంది. దీన్ని 'ఫ్రీజ్ ఫ్రేమ్' అంటారు. కోడు చెరిపితే ఆ ఫొటో కూడా పోతుంది. హత్య జరిగిన చోట పోలీసులు రాకముందే నేల కడిగేసినట్టు అవుతుంది. ఎక్కం ఎక్కేటప్పుడు పడిన కోడుకు, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు పడిన కోడుకు కారణాలు వేరు. ఆ తేడా చెప్పేది ఈ ఫొటోనే.

రెండోది బ్యాటరీ, ఎర్త్ వైరు. ఓల్టేజీ పడిపోతే సెన్సార్లన్నీ తప్పుడు లెక్కలు చెబుతాయి. తుప్పు పట్టిన ఒక ఎర్త్ బోల్టు నాలుగు రకాల కోడులు పుట్టించగలదు. గీకి బిగించడానికి పది నిమిషాలు చాలు.

మూడోది గాలి దారి. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్ దాకా ప్రతి పైపునూ, ప్రతి క్లిప్పునూ చేత్తో తడిమి చూడాలి. గాలిని కొలిచే సెన్సార్ దాటాక పైపు చీలితే, కొలిచిన గాలి వేరు, ఇంజన్‌కు చేరిన గాలి వేరు అవుతాయి. చిట్టాకు, గల్లాకు పొత్తు తప్పేది ఇక్కడే. చిన్న చీలికలు పైపు చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటాయి. కంటికి దొరకకపోతే పైపుల్లోకి పొగ పంపి ఎక్కడ బయటకు వస్తుందో చూసే పరీక్ష ఉంది. బీదర్ ఎర్రమట్టి దుమ్ముకు ఫిల్టర్లు త్వరగా నిండుతాయన్నది కూడా మరవరాదు.

నాలుగోది కొలతలు. బండి నడుస్తుండగా స్కానర్‌లో అడిగిన లెక్క, ఇచ్చిన లెక్క పక్కపక్కన చూడాలి. అడిగిన టర్బో ఒత్తిడి ఎంత, వచ్చింది ఎంత? అడిగిన రైలు ఒత్తిడి ఎంత, వచ్చింది ఎంత? కొత్త కార్లు కొన్నింటిలో డ్రైవరు అడిగిన టార్కు శాతం, ఇంజన్ ఇచ్చిన టార్కు శాతం కూడా కనిపిస్తాయి. తేడా ఎక్కడ మొదలైందో అక్కడే వెతుకులాట మొదలవ్వాలి.

ఈ కొలతలు చూసేటప్పుడు ఊరి ఎత్తు కూడా తెలిసి ఉండాలి. బీదర్ పీఠభూమి సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైనే ఉంది. ఇంజన్ ఆపి తాళం తిప్పితే గాలి ఒత్తిడి ఇక్కడ 93, 94 కిలోపాస్కల్ దగ్గర కనిపించాలి. సముద్ర తీరాన రాసిన పుస్తకంలో 101 అని ఉంటుంది. ఆ అంకె చూసి 'సెన్సార్ తక్కువ చూపుతోంది' అని మంచి సెన్సార్ పీకేస్తే ఎలా? సెన్సార్ నిజమే చెబుతోంది. చదివేవారికి ఊరు తెలియాలి.

అయిదోది బండికి ఎవరైనా 'చిప్పు' పెట్టించారా అని అడగడం. పికప్ పెంచుతామని అమ్మే పెట్టెలు, సాఫ్ట్‌వేర్ మార్పులు కంప్యూటర్‌కు తప్పుడు లెక్క చెప్పి ఎక్కువ ఇంధనం చల్లిస్తాయి. టార్కు లెక్క తప్పడానికి అది సూటి దారి. యజమానులు ఈ సంగతి సిగ్గుపడి దాస్తారు. డాక్టరు దగ్గర, మెకానిక్ దగ్గర దాచకూడదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే పెడల్ సెన్సార్, థ్రాటిల్ బాడీ, టర్బో, ఇంజెక్టర్ల సంగతి చూడాలి. కొన్నిసార్లు తప్పు సాఫ్ట్‌వేర్‌లోనే ఉండి, కంపెనీ ఇచ్చే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే సరిపోతుంది. కంప్యూటర్ మార్చడం అన్నిటికీ ఆఖరు. మార్చినా బండి తాళంతో దాన్ని కలిపే కోడింగ్ చేయకపోతే బండి స్టార్టే కాదు.

ఒక హెచ్చరిక. కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో పైపుల్లో ఒత్తిడి వందల బార్‌లలో ఉంటుంది. గట్టిగా తొక్కితే వెయ్యిన్నర బార్ దాటే ఇంజన్లూ ఉన్నాయి. పాత ట్రాక్టరులో చేసినట్టు ఇంజన్ నడుస్తుండగా పైపు నట్టు వదులు చేసి చూడకూడదు. సన్నని డీజిల్ ధార చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది.

బీదర్‌కు తెలిసిన విద్యే

నౌబాద్ దగ్గర భూమి లోపల తవ్విన కరేజ్ కాల్వ ఉంది. జనం సురంగ బావి అంటారు. దాని పొడవునా పైకి గాలి బావులు తవ్వి ఉంచారు. ఊళ్లోకి నీళ్లు రాకపోతే ఊళ్లో బావిని తిట్టి లాభం లేదు. ఒక్కో గాలి బావిలో తొంగి చూస్తూ ఎగువకు నడవాలి. ఎక్కడి దాకా నీళ్లున్నాయో, ఎక్కడి నుంచి లేవో తెలిస్తే పూడిక ఆ రెంటి మధ్యే ఉంటుంది. ఇంజన్ తప్పు పట్టడం కూడా ఇదే విద్య. చివర కనిపించిన లక్షణం నుంచి ఒక్కో మెట్టు వెనక్కి నడవాలి. ఆ నడకకు సమయం కావాలి. ఓపిక కావాలి. ఆ సమయానికి కూలి కూడా కావాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. పార్టు మారిస్తే వాహనదారుడు మారు మాట్లాడకుండా డబ్బు ఇస్తాడు. రెండు గంటలు వెతికి, చీలిన పైపు కనిపెట్టి, క్లిప్పు బిగించి "ఇంత ఇవ్వండి" అంటే మాత్రం "చూసినందుకు పైసలా?" అని గొడవ పెట్టుకుంటాడు. అంటే తెలివిగా వెతికిన మెకానిక్‌కు దక్కేది చిల్లర. గుడ్డిగా పార్టులు మార్చినవాడికి దక్కేది నోట్ల కట్ట. ఇలాంటి లెక్క ఉన్నచోట ఓపికగా వెతికే మెకానిక్‌లు ఎలా తయారవుతారు? డాక్టరుకు ఫీజు ఇస్తారు, రక్త పరీక్షకు వేరే ఇస్తారు. మందు రాయకుండా 'జబ్బేమీ లేదు' అన్న డాక్టరుకూ ఫీజు ఇస్తారు. బండి విషయంలో ఆ న్యాయం ఎందుకు లేదు? తప్పు పట్టే పనికి వేరుగా, ముందే మాట్లాడుకుని కూలి ఇవ్వడం అలవాటు కావాలి. చివరికి అదే చవక.

షెడ్డుల గోడు కూడా వినాలి

మెకానిక్‌లనే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. కంపెనీ పుస్తకాలు, కంపెనీ సాఫ్ట్‌వేర్, కంపెనీ స్కానర్ బయటి షెడ్డులకు అందడం కష్టం. మార్కెట్‌లో దొరికే చవక స్కానర్ అన్ని కంపెనీలకు ఒకటే అయిన కోడులు చదువుతుంది గానీ, కంపెనీ సొంత కోడుల దగ్గర చేతులెత్తేస్తుంది. సగం చీకట్లో పని చేసే మనిషిని వెలుతురులో పని చేసేవారితో పోల్చడం ఎలా?

ఈ సంగతి ఢిల్లీ దాకా వెళ్లింది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ. 2,544.65 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలను, తప్పులు పట్టే పరికరాలను బయటి షెడ్డులకు అందకుండా అడ్డుకున్నారన్నది అభియోగం. అవి అందుబాటులో ఉంచాలని, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టరాదని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో జరిమానా తగ్గించింది గానీ, తప్పు జరగలేదని అనలేదు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు'పై కమిటీ వేసి, ఆ డిసెంబరులోనే ఒక పోర్టల్ ప్రారంభించింది. అందులో వాహనాలనూ చేర్చింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2012లోనే ఈ హక్కుపై ప్రజలు ఓటేసి గెలిపించుకున్నారు. ఇక్కడ కాగితంపై రాసింది బీదర్, హుమ్నాబాద్ షెడ్డుల దాకా చేరాలి. చేరే దాకా అడుగుతూనే ఉండాలి.

శిక్షణ సంగతి చూస్తే, కర్ణాటకలో 150 ఐటీఐలను ఆధునీకరించి 2022 జూన్‌లో ప్రారంభించారు. తెలంగాణలో 65 ఐటీఐలను మార్చే పని 2024లో మొదలైంది. మంచిదే. కానీ ఈ చదువులన్నీ పదో తరగతి దాటిన పిల్లల కోసం. ఇరవై ఏళ్లుగా గ్రీజు చేతులతో పని చేస్తున్న ఉస్తాద్ మళ్లీ ఐటీఐలో చేరలేడు కదా! సాయంత్రం పూట, వారానికి రెండు రోజులు, కన్నడ, తెలుగు, ఉర్దూ కలిసిన ఊరి భాషలో కోడులు చదవడం, కొలతలు చూడడం నేర్పితే చాలు. బీదర్‌లో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ కాలం నుంచి వాహన పరిశ్రమ ఉంది. నేర్పే చేతులకు కొరత లేదు. తలపెట్టేవారే కావాలి.

గీత దాటినా హక్కు దాటదు

1956 నవంబరు 1 దాకా జహీరాబాద్, నారాయణఖేడ్ బీదర్ జిల్లాలోనివే. భాషను బట్టి రాష్ట్రాలు విడగొట్టినప్పుడు అవి మెదక్‌కు వెళ్లాయి. బీదర్ మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత గీశారు గానీ బంధుత్వాలు, బేరాలు గీత దాటుతూనే ఉన్నాయి. బండి బీదర్‌ది, షెడ్డు జహీరాబాద్‌ది, పార్టు హైదరాబాద్‌ది అన్నది ఇక్కడ మామూలే. పని చెడినప్పుడే తంటా. "వేరే రాష్ట్రం కేసు, ఎక్కడ తిరుగుతాం" అని చాలామంది నష్టాన్ని దిగమింగుకుంటారు.

ఆ భయం ఇక అక్కర్లేదు. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫిర్యాదుదారు తాను ఉండే చోట, లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. హైదరాబాద్‌లో పని చెడినా బీదర్ కమిషన్‌లో అడగొచ్చు. చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. సొంతంగా నడుపుకుని పొట్ట పోసుకునే డ్రైవరును 'వ్యాపారం' పేరుతో తోసిపుచ్చడానికి చట్టం ఒప్పుకోదు. 1915 నంబరుకు ఫోను చేసి ముందుగా సలహా అడగొచ్చు. ఇక బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం కింద తప్పే.

కానీ కమిషన్ ముందు నిలబడాలంటే చేతిలో కాగితం ఉండాలి. "టార్కు అన్నారు సార్, ఏదో మార్చారు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే షెడ్డులోనైనా, షోరూంలోనైనా డబ్బులు కట్టేముందు నాలుగు మాటలు అడిగి తీరాలి. ఏ కోడులు వచ్చాయో అంకెలతో రాసివ్వండి. చెరిపేముందు స్కానర్ తెరను ఫోనులో ఫొటో తీసుకోనివ్వండి. ఈ పార్టే పోయిందని ఏ పరీక్షతో తేల్చారు, కొలత ఎంత వచ్చింది, ఎంత రావాలి? తీసిన పాత పార్టు చేతికివ్వండి. మంచి మెకానిక్ ఈ నాలుగింటికీ నవ్వుతూ జవాబిస్తాడు. జవాబు లేనిచోట తాళం వెనక్కి తీసుకోవడమే మంచిది.

దారిలో లైటు పడితే కంగారు పడాల్సిన పనిలేదు. పసుపు లైటు నిలకడగా వెలుగుతూ బండి గుంజకపోతే, పక్కకు తీసి ఆపి, నూనె, వేడి చూసుకుని, ఓవర్‌టేక్ చేయకుండా మెల్లగా దగ్గరి షెడ్డు చేరొచ్చు. లైటు మిణుకుమిణుకుమని కొట్టుకుంటే, ఎర్ర లైటు పడితే మాత్రం నడపకూడదు.

రిపేరు అయ్యాక లైటు ఆరిపోవడంతో పని అయిపోయినట్టు కాదు. కోడు పడినప్పుడు ఉన్న పరిస్థితిలోనే, అంటే అదే వేగం, అదే ఎక్కం, అదే లోడు మీద ఒకసారి నడిపి చూడాలి. మళ్లీ స్కానర్ పెట్టి అడిగిన లెక్క, ఇచ్చిన లెక్క కలిశాయో లేదో చూడాలి. గంజ్‌లో దుకాణం కట్టేముందు గుమాస్తా చేసేది ఇదే కదా. చిట్టా, గల్లా కలిసినప్పుడే తాళం వేస్తాడు. బండికీ అంతే. లెక్క కలిసినప్పుడే డబ్బులు కట్టాలి.